క్రషర్ తర్వాతి చూట్‌లో గాలి లెక్క: బొగ్గు దుమ్ముపై ఒక కేస్ స్టడీ

నేను కోల్ హ్యాండ్లింగ్ ప్లాంట్ మెయింటెనెన్స్‌లో పనిచేసే మెకానికల్ ఇంజినీరును. తెలుగు ప్రాంతంలోని ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో, కొన్నేళ్ల కిందట, ఒకే ఒక్క ట్రాన్స్‌ఫర్ పాయింట్ (ఒక బెల్టు మీది బొగ్గు ఇంకో బెల్టు మీదికి పడేచోటు) దగ్గర తొమ్మిది నెలల పాటు మేం చేసిన పని ఇది. స్టేషన్‌ను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. టవర్ నంబరు అసలుది కాదు. కొలతలను దగ్గరి అంకెకు సవరించాను. మేం మొదటి ఆరు నెలలు ఎందుకు దారి తప్పామో మిగతా ప్లాంట్లలో ఇదే పనిలో ఉన్నవాళ్లకు తెలియాలని రాస్తున్నాను.

నేపథ్యం

బొగ్గు రైలు రేకుల్లో, అంటే పూర్తి గూడ్సు బండ్లలో, వస్తుంది. రేకుకు 58, 59 వ్యాగన్లు, నాలుగు వేల టన్నులకు కాస్త అటూ ఇటూ. టిప్లర్ యంత్రం వ్యాగన్లను తిరగేసి దింపిన బొగ్గు క్రషర్ హౌస్‌కు వెళ్లి రింగ్ గ్రాన్యులేటర్లలో 20 మిల్లీమీటర్ల లోపుకు నలుగుతుంది. అక్కణ్నుంచి ఒక బెల్టు దాన్ని జంక్షన్ టవర్‌కు తెస్తుంది. దాన్ని జేటీ-3 అందాం. అక్కడ పై బెల్టు హెడ్ పుల్లీ నుంచి బొగ్గు చూట్ (మూసిన ఇనుప గొట్టంలాంటి దారి) గుండా 8 మీటర్లు పడి, బంకర్ల (బాయిలర్ల ముందు బొగ్గు నిలవుంచే తొట్లు) వైపు పోయే కింది బెల్టు మీదికి చేరుతుంది. బెల్టు వెడల్పు 1,400 మిల్లీమీటర్లు, వేగం సెకనుకు 2.8 మీటర్లు, లోడు గంటకు 1,000 టన్నులు.

దుమ్ము నియంత్రణకు కట్టినప్పటి నుంచీ రెండు ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి, బెల్టు మీద మామూలు నీటి స్ప్రేలు. రెండోది, టవర్ మొత్తానికి ఒక బ్యాగ్ ఫిల్టర్ (దుమ్ముగాలిని పీల్చి గుడ్డసంచుల్లో వడకట్టేది). దాని డక్టులో ఒక కొమ్మ ఈ చూట్ దగ్గరికి వస్తుంది. డిజైన్ కాగితాల్లో ఆ కొమ్మకు రాసిన వాటా గంటకు 5,000 ఘనపు మీటర్ల గాలి. ఈ అంకె గుర్తుంచుకోండి, కథంతా చివరికి దీని దగ్గరికే వస్తుంది.

సమస్య

నన్ను పిలిచేసరికి టవర్ కింది అంతస్తులో లైట్లు పట్టపగలే వేసి ఉన్నాయి. బెల్టు లోడు మీద నడుస్తుంటే పది అడుగుల దూరంలో మనిషి ఆనవాలు తెలుస్తుందే గాని ముఖం తెలియదు. కేబుల్ ట్రేల మీద, గేర్‌బాక్సుల మీద, పైన స్టీలు బీముల మీద వెల్వెట్ గుడ్డ పరిచినట్టు పొడి. అంతకు రెండు వారాల ముందే, తిరగడం మానేసిన ఒక రిటర్న్ రోలరు (బెల్టు వెనక్కి తిరిగే దారిలో దాన్ని మోసేది) వేడెక్కి దాని కింద పోగైన పొడి రాజుకుంది. రాత్రి షిఫ్ట్‌వాళ్లు వాసన పసిగట్టి ఆర్పారు.

యాజమాన్యం ఆ నిప్పు చూసి కదిలింది. నన్ను ఎక్కువ భయపెట్టింది బీముల మీది పొడి. లెక్క చిన్నదే. వదులుగా పడిన బొగ్గుపొడి ఘనపు మీటరుకు 500 కిలోల చొప్పున తూగుతుందనుకుంటే, ఒక మిల్లీమీటరు మందం పొర అంటే చదరపు మీటరుకు అర కిలో. గది ఎత్తు 5 మీటర్లయితే, ఏ కుదుపుకో ఆ పొరంతా గాలిలోకి లేస్తే ఘనపు మీటరుకు 100 గ్రాములు. బిట్యుమినస్ బొగ్గుపొడి పేలడానికి 50 నుంచి 100 గ్రాములుంటే చాలంటారు. అంటే గోటితో గీస్తే గీత పడే పొర చాలు. అక్కడ గీస్తే గోరు దిగబడుతోంది.

మనుషుల సంగతి మరొకటి. అప్పట్లో అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948 రెండో షెడ్యూలు ప్రకారం, 5 శాతం లోపు క్వార్ట్జ్ ఉన్న బొగ్గుపొడిలో ఊపిరితిత్తుల లోపలికి పోయే సన్నటి భాగం ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాములు దాటకూడదని ఉండేది. ఆ టవర్‌లో మీటరు పెట్టకుండానే సంగతి తెలిసిపోతోంది. స్పిల్లేజ్ (బెల్టు నుంచి రాలిన బొగ్గు) ఎత్తే కాంట్రాక్టు కార్మికుల్లో ఒకామె ముక్కుకు కట్టుకున్న తెల్లటి చీరముక్క విప్పినప్పుడు చూశాను. సరిగ్గా ముక్కురంధ్రాలు ఉన్నచోట రెండు నల్లటి గుండ్రాలు, మిగతా గుడ్డంతా బూడిదరంగు. ముందు ఆమెకూ మిగతావాళ్లకూ సరైన మాస్కులు ఇప్పించాం. అది దుమ్ము తగ్గించడం కాదు, దుమ్ము తగ్గేదాకా వాళ్లను కాపాడుకోవడం.

మొదటి ప్రయత్నం: నీళ్లు

అందరి మనసులోకీ ముందొచ్చేది నీళ్లే. స్ప్రే నాజిళ్లు పెంచాం, పంపు ప్రెషరు పెంచాం. మార్చి, ఏప్రిల్‌లలో కంటికి కాస్త తేడా కనపడింది. అది చూసి ఇంకో వరుస వేశాం.

జూన్ వచ్చేసరికి అసలు రంగు బయటపడింది. గనుల్లోనే తడిసిన బొగ్గు వస్తోంది, దాని మీద మా నీళ్లు. సన్నపొడి ముద్దయి చూట్ గోడలకు పట్టి, షిఫ్ట్‌కు రెండుసార్లు చూట్ చోక్. బెల్టు ఆపి, పర్మిట్ తీసుకుని, గడ్డపారలతో పొడిచి దింపాలి. బెల్టుకు అంటుకున్న తడిపొడిని స్క్రేపర్లు గీకలేక, అది వెనక్కి తిరిగే దారంతా రోలర్ల కింద రాలిపోయింది. ఆ రాలినది రెండు రోజుల్లో ఆరి మళ్లీ దుమ్మయింది. ఒకచోట అణచామనుకున్న దుమ్మును వంద మీటర్ల పొడవునా పంచిపెట్టాం.

మూడో నష్టం బాయిలరు వైపు. వెయ్యి టన్నుల బొగ్గుకు ఒక శాతం నీళ్లు కలిపితే 10 టన్నులు. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 600 కిలోకేలరీలు. మొత్తం 60 లక్షల కిలోకేలరీలు. మా బొగ్గు కిలోకు 3,600 ఇస్తుందనుకుంటే, ప్రతి వెయ్యి టన్నులకు సుమారు 1.7 టన్నుల బొగ్గు కేవలం మేం పోసిన నీళ్లను కాచడానికే పోతోంది. ఆపరేషన్ వాళ్లు మిల్ అవుట్‌లెట్ టెంపరేచర్ (బొగ్గును పొడిచేసే మిల్లు నుంచి బయటికొచ్చేచోట వేడి) పడిపోతోందని ఫోన్లు చేసింది ఊరికే కాదు.

ఇక్కడ మేం తప్పిపోయిన విషయం ఒకటుంది. గాలిలో తేలే దుమ్మును పెద్ద నీటిబొట్టు పట్టుకోలేదు. బొట్టు ముందు గాలి చీలి పక్కలకు జారుకుంటుంది, సన్నటి రేణువు ఆ గాలితోపాటే తప్పించుకుపోతుంది. బొట్టు కూడా రేణువంత సన్నగా ఉంటేనే రెండూ అతుక్కుని బరువెక్కి కిందపడతాయి. మా స్ప్రేలు బొగ్గును తడిపాయి, గాలిలోని దుమ్మును మాత్రం ముట్టలేదు.

రెండో ప్రయత్నం: స్కర్ట్ రబ్బరు బిగించడం

దుమ్ము కళ్లకు కనపడేది కింది బెల్టు స్కర్ట్ (బొగ్గు పడేచోట బెల్టు రెండు పక్కలా ఉండే అడ్డుగోడలు) అంచుల దగ్గర. అక్కణ్నుంచే పొగలా చిమ్ముతోంది కాబట్టి అక్కడే మూయాలనుకున్నాం. స్కర్ట్ రబ్బర్లన్నీ మార్చి బెల్టు మీదికి గట్టిగా దించాం. వారం పాటు బాగుంది. ఆ తర్వాత బెల్టు మీద రెండు వైపులా గాడి పడడం మొదలైంది, డ్రైవ్ మోటారు కరెంటు పెరిగింది. ఇంపాక్ట్ రోలర్ల (బొగ్గు పడేచోట బెల్టును కింద నుంచి మోసేవి) మధ్య బెల్టు కిందికి జారిన ప్రతిచోటా సందు తెరుచుకుని, చిన్న బొగ్గుముక్కలు అందులో ఇరుక్కుని రబ్బరును ఆకురాయిలా అరగదీశాయి. నెల తిరిగేసరికి సందు మొదటికన్నా పెద్దది. బెల్టు ఖరీదు తెలిసినవాళ్లెవరూ ఆ పని కొనసాగించరు. రబ్బరు పైకి తీసేశాం.

మూడో ప్రయత్నం: ఎక్కువ పీల్చడం

బ్యాగ్ ఫిల్టర్ చిన్నదైపోయిందని, పెద్దది కొనాలని ప్రతిపాదన తయారైంది. అది వచ్చేలోగా మిగతా కొమ్మల డ్యాంపర్లు (డక్టులో గాలిని తగ్గించే రెక్కలు) సగం మూసి జేటీ-3 చూట్ కొమ్మను పూర్తిగా తెరిచాం. రెండు రోజుల్లో పై అంతస్తు ఫీడర్ దగ్గర దుమ్ము మొదలైంది. అక్కడి గాలి ఇక్కడికి లాక్కున్నాం, అంతే.

అంతకన్నా చెడ్డది మరొకటి జరిగింది. సక్షన్ హుడ్ (డక్టు గాలి పీల్చే మూతి) దాదాపు బొగ్గు పడేచోటే, అరమీటరు పక్కన ఉంది. గాలి పెంచేసరికి అది తేలే దుమ్మునే కాదు, పడుతున్న సన్నబొగ్గును కూడా పీల్చింది. ఆ బరువు మోయాలంటే డక్టులో గాలి సెకనుకు 15 నుంచి 20 మీటర్ల వేగంతో కదలాలి. మా డక్టులో అడ్డంగా పోయే ముక్కలో అంత వేగం లేదు. ఒక రోజు ఆ ముక్క ఫ్లేంజి విప్పితే సగానికి పైగా పొడి నిండి, చేత్తో తోడాల్సివచ్చింది. నిప్పురవ్వ ఒకటి ఆ గొట్టంలోకి పోయుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ మనసు కుదురుగా ఉండదు. డ్యాంపర్లు పాత స్థితికి తెచ్చి, పెద్ద ఫిల్టర్ ప్రతిపాదన మీద సంతకం పెట్టకుండా ఆపమని అడిగాను. చేతిలో మరో దారి లేకుండానే అడిగాను. కాని ఎంత గాలి పీల్చాలో తెలియకుండా ఎంత పెద్ద ఫిల్టర్ కొనాలో ఎలా చెప్పగలం?

గోనెసంచి

మలుపు ఆఫీసు గదిలో రాలేదు. కింది అంతస్తులో ఊడుస్తున్న, మొదట ముక్కుకు చీరముక్కతో కనిపించిన ఆ అమ్మే మాటల్లో చెప్పింది: "నీళ్లు కొట్టిన నాడు ఈడ బురద, కొట్టని నాడు దుమ్ము సారు. ఆ పైన గోనె కట్టిన నాడే జర తక్కువుంటది."

పైన గోనె ఏమిటని వెళ్లి చూశాను. పై బెల్టు చూట్‌లోకి ప్రవేశించేచోట కవరు ముందువైపు ఎప్పుడో ఊడిపోయింది. వానజల్లు పడకుండా ఎవరో ఆ ఖాళీకి గోనెసంచి కట్టారు. అప్పటికి ఒక కొన ఊడి వేలాడుతోంది. బెల్టు మీద బొగ్గు లేనప్పుడు ఆ కొన నిటారుగా వేలాడింది. బొగ్గు రావడం మొదలవగానే లోపలికి లాక్కుపోయి, గాలిపటం తోకలా చూట్ లోపలికి బిగుసుకుని నిలబడింది. బొగ్గు ఆగగానే మళ్లీ వాలిపోయింది. నేను అక్కడే పదిహేను నిమిషాలు నిలబడి మూడుసార్లు చూశాను.

8 మీటర్లు పడే బొగ్గు కిందికి చేరేసరికి సెకనుకు 12 మీటర్ల పైచిలుకు వేగంలో ఉంటుంది, గంటకు 45 కిలోమీటర్లన్నమాట. పడేటప్పుడు ముక్కలు విడివిడిగా చెదిరి, ప్రతి ముక్కా తనతో కొంత గాలిని ఈడ్చుకొస్తుంది. ఆ గాలి కింద బెల్టుకు కొట్టుకుని ఎటో ఒకటు బయటపడాలి, పడుతూ దుమ్మును మోసుకెళ్తుంది. అంటే మేం ఆరు నెలలుగా గాలి బయటికొచ్చే దారుల మీద కుస్తీ పట్టాం. లోపలికి వచ్చే దారి పైన బార్లా తెరిచి ఉంది.

పడే పదార్థం ఈడ్చుకొచ్చే గాలికి పరిశ్రమలో వాడే ఆండర్సన్ సూత్రం ఒకటుంది. దాని ప్రకారం గాలి పరిమాణం టన్నేజీకి ఘనమూలంగా పెరుగుతుంది. పడే ఎత్తు వర్గానికీ ఘనమూలమే. ముక్క సైజు తగ్గేకొద్దీ అదే ఘనమూలపు తీరులో పెరుగుతుంది. పైనున్న తెరిచిన వైశాల్యానికి మాత్రం నేరుగా, ఒకటికి ఒకటి. ఇది ఆచరణలో ఏం చెబుతుందంటే: లోడు సగం చేస్తే గాలి 0.79 వంతుకే తగ్గుతుంది. పడే ఎత్తు సగం చేస్తే 0.63 వంతుకు. పైన ఖాళీ సగం మూస్తే గాలి సగమవుతుంది. ఎత్తు సగం చేయాలంటే టవరే మార్చాలి, ఖాళీ మూయడానికి రబ్బరు షీటు చాలు. క్రషర్ తర్వాతి చూట్లే ఎందుకు ఎక్కువ దుమ్ము కక్కుతాయో కూడా ఇందులోనే ఉంది. సగటు ముక్క 100 మిల్లీమీటర్ల నుంచి 10కి పడితే, ఇతరత్రా ఏమీ మారకపోయినా ఈడ్చుకొచ్చే గాలి రెండింతలు దాటుతుంది.

కొలత

సూత్రం దిక్కు చూపిస్తుంది, అసలు అంకె మాత్రం మన చూట్ దగ్గరే కొలవాలి. గాలి ఎటు పోతోందో చూడటానికి అగరువత్తి పొగ పెడదామని ఒకరన్నారు. బొగ్గుపొడి ఉన్నచోట నిప్పుకణం వద్దన్నాను. కర్రకు పట్టు దారం కట్టి ప్రతి సందు దగ్గరా పెట్టి చూశాం. దారం లోపలికి పోతే నీలం సుద్ద గుర్తు, బయటికొస్తే తెల్ల సుద్ద. పై భాగమంతా నీలం, కింది స్కర్టూ టెయిల్ బాక్సూ (కింది బెల్టు వెనక కొస మూత) అంతా తెలుపు. మధ్యలో ఒక ఇన్‌స్పెక్షన్ తలుపు రబ్బరు అంచు పోయి, అదీ నీలమే.

తర్వాత గాలి వేగం చూపే అనిమోమీటరుతో కొలిచాం. పైన తెరిచి ఉన్న మొత్తం వైశాల్యం 0.9 చదరపు మీటర్లు, లోపలికి పోయే సగటు వేగం సెకనుకు 2.5 మీటర్లు. గంటకు 8,100 ఘనపు మీటర్లు. దీనికి బొగ్గు తానే ఆక్రమించి తోసే గాలి కలపాలి: 1,000 టన్నులను ఘనపు మీటరుకు 0.8 టన్నులతో భాగిస్తే 1,250. మొత్తం 9,350. ఫిల్టర్ కొమ్మ తీసుకోగలిగేది 5,000. మిగిలిన 4,350 ఘనపు మీటర్లు, గంటగంటకూ, దుమ్ము నింపుకుని మా మనుషుల మొహాల మీదికి వస్తోంది.

ఈ అంకె కాగితం మీద పడ్డాక మీటింగులో వాదనలు ఆగిపోయాయి. 4,350కి సరిపడా పెద్ద ఫిల్టర్ కొనడం ఒక దారి. లోపలికి వచ్చే 8,100ను తగ్గించడం ఇంకో దారి. రెండోదాన్ని ముందు ఎంచుకోవడానికి కారణం ఖర్చు ఒక్కటే కాదు. పీల్చిన ప్రతి ఘనపు మీటరు దుమ్మునూ డక్టులో మోసి, సంచుల్లో పట్టి, హాపర్లో దించి, మళ్లీ బెల్టు మీద వేయాలి. ఆ ప్రతి చోటా మళ్లీ నిప్పు భయమూ, మళ్లీ మెయింటెనెన్సూ ఉన్నాయి. లోపలికి రాని గాలికి ఇవేవీ అక్కర్లేదు.

పనిచేసింది

పై హెడ్ చూట్ కవరు తిరిగి కట్టాం, ఇన్‌స్పెక్షన్ తలుపులన్నిటికీ కొత్త గ్యాస్కెట్లు వేశాం. బెల్టు లోపలికి పోయే ముఖం దగ్గర రబ్బరు తెర వేలాడదీశాం. ఆ తెర మొదటిసారి విఫలమైంది. బెల్టు వెడల్పంతా ఒకే షీటు వేశాం. నిండు లోడు వచ్చినప్పుడు బొగ్గుగుట్ట షీటును ముందుకు నెట్టి, పక్కల నుంచి కొంత బొగ్గు బెల్టు దిగిపోయింది. రెండోసారి 75 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి, రెండు వరుసలు, ఒక వరుస సందుల మీద రెండో వరుస పట్టీ వచ్చేలా కట్టాం. బొగ్గు వెళ్లినచోట పట్టీ లేచి దారిచ్చి, వెంటనే పడిపోతుంది. రబ్బరు మంటను అంటించుకోని, స్థిర విద్యుత్తును నిలపని రకమే ఉండాలని పట్టుబట్టాం. పట్టీ ఒకటి తెగి మిల్ ఫీడర్ దాకా పోకుండా పైన ఇనుప ఫ్లాటుతో, ప్రతి పట్టీకి రెండు బోల్టులతో బిగించాం.

తెరిచిన వైశాల్యం 0.25 చదరపు మీటర్లకు దిగింది. సందు చిన్నదయ్యేసరికి గాలి వేగం కొంచెం పెరిగి సెకనుకు 3 మీటర్లయింది, సూత్రం చెప్పినంత తగ్గలేదు. అయినా గంటకు 2,700. దానికి 1,250 కలిపితే 3,950. ఫిల్టర్ వాటా 5,000కి లోపు. ఆ రోజు కింది స్కర్ట్ దగ్గర దారం పెడితే, చాలాచోట్ల మొదటిసారి లోపలికి వంగింది.

ఇక్కడితో ఆగి ఉంటే పని సగమే. బొగ్గు పడేచోట బెల్టు ఊగకుండా ఇంపాక్ట్ రోలర్లకు బదులు నున్నటి ఇంపాక్ట్ బార్లు పెట్టాం. బెల్టు సమంగా నిలిచాక స్కర్ట్ రబ్బరును బెల్టు మీద నొక్కనక్కర్లేకపోయింది, ఊరికే తాకితే చాలు. స్కర్ట్ పొడవు బెల్టు వేగంలో సెకనుకు ప్రతి అర మీటరుకు 0.6 మీటర్లు ఉండాలనే పాత లెక్కన మాకు సుమారు 3.4 మీటర్లు కావాలి, ఉన్నది 2.4. పొడిగించి, పై కవరు ఎత్తు రెట్టింపు చేశాం. అదే గాలి రెట్టింపు చోటులో సగం వేగంతో కదులుతుంది, దుమ్ము తానే బెల్టు మీదికి దిగుతుంది. మధ్యలో రెండు తెరలు. సక్షన్ హుడ్‌ను బొగ్గు పడేచోటు నుంచి రెండు మీటర్లు ముందుకు జరిపాం, సన్నబొగ్గు పీల్చడం ఆగింది.

నీళ్ల స్ప్రేలు చాలావరకు తీసేసి, స్కర్ట్ కవరు లోపల డ్రై ఫాగ్ నాజిళ్లు వేశాం. కంప్రెస్డ్ గాలితో నీటిని కొన్ని మైక్రాన్ల మంచుగా చీల్చేవి. బొగ్గుకు కలిసే తేమ 0.1 శాతం లోపే. ఇది పనిచేయడానికి కారణం లోపల గాలి ముందే నెమ్మదించడం. పాత గాలి వేగంలో పెట్టి ఉంటే ఆ మంచు కూడా దుమ్ముతోపాటే బయటికి కొట్టుకుపోయేది. మామూలు రా వాటర్ (శుద్ధి చేయని నీళ్లు) ఇస్తే నాజిళ్లు పదిరోజుల్లో పూడుకుపోయాయి, ఆ నీటికి ఫిల్టర్ పెట్టాకే కుదురుకున్నాయి. బెల్టు మీద బొగ్గు ఉన్నప్పుడే వాల్వు తెరుచుకునేలా లోడు సెన్సరుతో ముడిపెట్టాం. అంతకుముందు షిఫ్ట్ మొదట్లో చేత్తో తెరిచి వదిలేసేవాళ్లు. ఖాళీ బెల్టు తడిసి, ఆ తడే పొడిని అంటించుకుని తిరిగేది.

మార్పుకు ముందు కింది అంతస్తు నుంచి షిఫ్ట్‌కు ఎనిమిది ట్రాలీలు ఎత్తేవారు. నెల తర్వాత రెండు. పగలు లైట్లు ఆర్పారు.

నిలబెట్టడం

బీముల మీద అప్పటికే పేరుకున్నది శుభ్రం చేసేటప్పుడు కంప్రెస్డ్ ఎయిర్ గొట్టం పట్టుకుని ఎక్కబోయిన ఒక కుర్రాణ్ని దించాను. మొదట్లో భయపడ్డ ఘనపు మీటరుకు 100 గ్రాముల మేఘాన్ని మన చేతులతోనే లేపినట్టవుతుంది. బెల్టు ఆపి, వ్యాక్యూమ్‌తో లాగాం. చేరని చోట సన్నగా నీళ్లు జల్లి కడిగాం.

తెర పట్టీలు నాలుగైదు నెలల్లో అరుగుతాయి. అరిగిన సంగతి కింద దుమ్ము లేచేదాకా ఎవరికీ తెలియదు, అప్పటికి మళ్లీ అందరూ కింది స్కర్ట్ వైపే చూస్తారు. అందుకని దారం కట్టిన కర్రను టవర్‌లోనే కొక్కేనికి తగిలించి, వారానికోసారి ఎనిమిది చోట్ల దారం ఎటు వంగిందో షిఫ్ట్ రిజిస్టర్‌లో రాయించాం. మీటరు అక్కర్లేదు, చదువు ఎక్కువ అక్కర్లేదు. గోనె సంగతి చెప్పిన ఆ అమ్మకే మొదటి నెల ఆ పని అప్పగించమని కోరాను, సూపర్‌వైజరు ఒప్పుకున్నాడు. దారం బయటికొచ్చిన రెండుసార్లూ పైన ఊడిన పట్టీ ఆమే వెతికి చూపించింది.

ఇదే పద్ధతి బంకర్ ఫ్లోరులో పెడదామని చూశాం, కుదరలేదు. అక్కడ ట్రిప్పర్ కదులుతూ పోస్తుంది, బంకర్ నోరు పొడవునా సందు, ఒక చోటని మూయడానికి లేదు. ట్రిప్పర్ కదిలినకొద్దీ తెరుచుకుని దాని వెనకే మూసుకునే రబ్బరు బెల్టు సీలు ఒక బంకర్ మీద వేసి, ఇప్పుడు గాలి కొలుస్తున్నాం.